గంగామణికి పదకొండు పేజీలు

చెరుకు వాసన తగిలితే అందరికీ నోరూరుతుంది, నాకు కడుపు మండుతుంది. మొన్న నిజామాబాద్‌లో బోధన్ బస్సెక్కాను. ఊరు దాటగానే ముందొక చెరుకు ట్రాక్టరు అడ్డం పడింది. అది పక్కకు తప్పుకోదు, మా డ్రైవరు హారను ఆపడు. కిటికీలోంచి పచ్చి చెరుకు వాసన, దానితోపాటు ఎక్కడో చేనులో కాలుస్తున్న ఆకు వాసన ముఖానికి కొట్టాయి. పక్క సీటులో ఆవిడ గుండెల నిండా పీల్చుకొని, చిన్నప్పుడు తమ చేనుకాడ తాగిన రసం గురించి చెప్పడం మొదలుపెట్టింది. నేను ఊఁ కొట్టాను గానీ నా మనసు అక్కడ లేదు. నాకు డెబ్బై దాటాయి. ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. అయినా ఆ వాసన రాగానే పన్నెండేళ్ళ పిల్లనైపోయి, పక్క బల్ల మీది గంగామణిని చూసి కుళ్ళుకుంటాను. కుళ్ళు అనే మాటే సరైనది. దానికి ఇంకేదో మంచి పేరు పెట్టే ఉద్దేశం నాకు లేదు.

ఈ కుళ్ళుకు కారణం మా సంతోషమ్మ టీచరు. నేను ఆరో తరగతిలో చేరిన ఏడాదే, అంటే అరవైల మొదట్లో, ఆమె బోధన్‌లో మా బడికి బదిలీ మీద వచ్చింది. నిజామాబాద్ మిషన్ బడిలో చదువుకొని, అక్కడే ట్రైనింగు అయిన మనిషి. తెల్ల చీర, సన్నటి నీలం అంచు, చేతిలో మగవాళ్ళ గొడుగు. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులు బడి, అంతే ఆమె లోకం. చూడగానే ఆకట్టుకునే మనిషి కాదు. గొంతు బొంగురు. బోర్డు మీద ఎడమ నుంచి మొదలైన వరుస కుడి పక్కకు చేరేసరికి జానెడు కిందికి దిగేది. కథలు చెప్పడం రాదు, పాటలు అసలే రావు. ఆమెకంటే ముందున్న పంతులుగారు పద్యం ఎత్తుకుంటే దారిన పోయేవాళ్ళు నిలబడి వినేవాళ్ళు. ఈమె పాఠం మొదలుపెడితే మేమే కిటికీలోంచి దారిన పోయేవాళ్ళను చూసేవాళ్ళం. మొదటి వారమే నేను ఇంటికి పోయి, కొత్త టీచరమ్మకు ఏమీ రాదని మా అవ్వకు తేల్చి చెప్పాను. క్లాసులో ఎప్పుడూ మొదటి నంబరు నాదే గనుక అట్లా తేల్చే హక్కు నాకుందనుకునేదాన్ని.

రెండో వారంలో ఆమె మా అందరికీ పది లెక్కలిచ్చింది. వీటికి మార్కులు లేవు, దెబ్బలు లేవు, రానిదాన్ని వదిలేయకుండా తోచినట్టు చేయండి అన్నది. మార్కులు లేని పరీక్ష ఏం పరీక్షో నాకు అర్థం కాలేదు. అయినా అందరికంటే ముందు చేసి ఇచ్చాను. ఆమె నా కాగితాన్ని ఒక్క చూపు చూసి పక్కన పెట్టింది. గంగామణి కాగితాన్ని మాత్రం పావుగంట చూసింది. నాలుకతో తడిపితే ఊదారంగు పారే పెన్సిలొకటి ఉండేది ఆమె దగ్గర. దాన్ని తడుపుకుంటూ ఒక కుట్టు పుస్తకంలో ఏదో రాసుకుంటూ పోయింది. బడి వదిలేసరికి ఆమె కింది పెదవి మీద ఊదా చుక్క పడి ఉంది. ఆనాటి నుంచి రోజూ అదే వరస. ఎవరు ఏ లెక్క తప్పారు, ఏ మెట్టు దగ్గర తప్పారు, ముందురోజు బడికి వచ్చారా లేదా, పొద్దున తిని వచ్చారా లేదా, అన్నీ తారీఖు వేసి రాసేది. పిల్లకో పేజీతో మొదలుపెట్టి, చాలకపోతే వెనక పేజీలకు పోయేది.

ఆ పుస్తకానికి కాగితం ఇచ్చింది మేమే. మా బాపు చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసేవాడు. లోపలికి వచ్చే చెరుకు రసంలో తీపి ఎంతుందో గంటగంటకూ చూసి రాయడం ఆయన పని. ఒక పక్క అచ్చు ఉండి ఇంకో పక్క తెల్లగా మిగిలిన పాత ఫారాలు పారేస్తుంటే, ఆఫీసరును అడిగి తెచ్చి నా చేతనే టీచరమ్మకు పంపాడు. కాగితం మాది, రాత మాత్రం గంగామణిది. నా ఏడుపంతా అక్కడే మొదలైంది.

ఆ పుస్తకం మా పెద్దసారును కూడా కుదురుగా ఉండనివ్వలేదు. తన మీద పైకి ఫిర్యాదులు రాస్తున్నదేమోనని ఆయన అనుమానం. ఒకరోజు పాఠం మధ్యలో వచ్చి, హాజరీ పట్టీ ఉన్నది, మార్కుల పట్టీ ఉన్నది, సర్కారు ఇచ్చిన ఈ రెండూ చాలక మూడోది ఎందుకమ్మా అని మా ముందే అడిగాడు. ఆమె పుస్తకాన్ని ఆయన చేతికే ఇచ్చింది. ఆయన నాలుగు పేజీలు తిప్పాడు. తన పేరు ఎక్కడా కనబడకపోయేసరికి ముఖం కాస్త తేటపడింది.

"మార్కు చూస్తే పిల్ల పడ్డదని తెలుస్తది సార్," అన్నది టీచరమ్మ. "ఎక్కడ కాలు జారిందో తెల్వదు. అది తెల్వకుంటే పిల్ల మల్ల అక్కడ్నే పడ్తది, మనం మల్ల కొడ్తం."

ఇన్‌స్పెక్టరు ఎప్పుడూ ఇది అడగడమ్మా అని చెప్పి పెద్దసారు పుస్తకం తిరిగి ఇచ్చేశాడు. అడగనిదాన్ని రాయడమెందుకో ఆయనకు చివరిదాకా అర్థం కాలేదనుకుంటాను. నాకు మాత్రం ఆ రోజే అర్థమైంది, అర్థమై ఇంకా మండింది. ఎందుకంటే నేను ఎప్పుడూ పడలేదు. పడని పిల్ల గురించి ఆమె ఏం రాస్తుంది?

ఇక గంగామణి సంగతి. వాళ్ళది నవీపేట్ దిక్కు పల్లె. నాయన మల్లయ్య, తల్లి, ఇద్దరూ చెరుకు కొట్టే కూలీలు. ఫ్యాక్టరీ పొగగొట్టంలో పొగ మొదలైతే చాలు, గుంపుతోపాటు చేనుకో గుడిసె వేసుకుంటూ తిరిగేవాళ్ళు. ఆ నెలల్లో గంగామణి కూడా వాళ్ళతో ఉండి, కొట్టిన చెరుకును కట్టలు కట్టేది. మిగతా నెలల్లో బోధన్‌లో మేనత్త ఇంట్లో ఉండి బడికి వచ్చేది. బడిలో ఆమెకు మొద్దు అని పేరు. ఆ పేరు పెట్టింది ఎవరో గానీ ఎక్కువసార్లు పిలిచింది నేనే. టీచరమ్మ మూడు వారాలు రాసుకున్నాక ఒక సంగతి బయటపడింది. గంగామణికి తీసివేతలన్నీ తప్పడం లేదు. 486లోంచి 152 తీయమంటే చకచకా తీస్తుంది. 402లోంచి 157 తీయమంటే చతికిలబడుతుంది. పైన సున్నా ఉంటేనే ఈ తిప్పలు. నిజంగా మొద్దయితే అన్నీ తప్పాలి గదా అని టీచరమ్మకు పట్టుకున్నది. పాత హాజరీ పట్టీలు తీయించి చూసింది. మూడో తరగతిలో గంగామణి ఒక్కరోజు కూడా బడి మానలేదని ఉంది అందులో. పిల్లను పిలిచి అడిగితే, ఆ చలికాలమంతా నందిపేట్ పక్క చేన్లలో ఉన్నానని చెప్పింది.

అప్పట్లో మా దిక్కు బళ్ళలో అదొక అలవాటు. సీజనులో సగం మంది పిల్లలు చెరుకు వెంట పోయేవాళ్ళు. హాజరు పడిపోతే పంతులు పోస్టు ఎత్తేస్తారని భయపడి, రాని పిల్లలకు కూడా వచ్చినట్టు గీత గీసేవాళ్ళు. చెడ్డ బుద్ధితో చేసింది కాదు, బడి నిలబడాలనే చేసింది. కానీ సున్నాల పాఠం చెప్పిన నెలలో ఆ పిల్ల బడిలోనే లేదన్న సంగతి ఆ గీత కింద మాయమైపోయింది. రోజూ బడికి వచ్చి కూడా ఇంత చిన్న లెక్క నేర్చుకోలేదని మూడేళ్ళపాటు ప్రతి పంతులూ ఆమెను కొట్టాడు. ఆ తరువాత ఆమె పట్టీలో ఎవరికీ లేని హాజరు వేయలేదు. పెద్దసారుతో దాని మీద నాలుగుసార్లు మాటలు కూడా పడ్డది.

సున్నాల లెక్కను ఆమె బోర్డు మీద చెప్పలేదు. చీపురు పుల్లలు తెచ్చి గంగామణి ముందు పోసింది. పది పుల్లలు ఒక కట్ట, పది కట్టలు ఒక కుప్ప అన్నది. కట్టలు కట్టడం గంగామణికి చెప్పాలా? మేము ఒకటి కట్టేలోపల ఆమె నాలుగు కట్టింది. నాలుగు కుప్పలు, రెండు పుల్లలు ముందు పెట్టి, ఇందులోంచి నూటయాభై ఏడు ఇయ్యమని అడిగింది టీచరమ్మ. గంగామణి కాసేపు చూసి, ఒక కుప్ప విప్పి పది కట్టలు చేసింది. వాటిలో ఒక కట్ట విప్పి పుల్లల్లో కలిపింది. అడిగినవి లెక్కపెట్టి ఇచ్చేసింది. రెండు కుప్పలు, నాలుగు కట్టలు, అయిదు పుల్లలు మిగిలాయి.

"గింతేనా టీచరమ్మా? కట్ట విప్పుడే గదా," అన్నది. "గిది నాకు ఎన్నడో ఒస్తది."

క్లాసంతా నవ్వింది. టీచరమ్మ నవ్వలేదు. పెన్సిలు తడుపుకొని ఆ మాటను ఉన్నదున్నట్టు పుస్తకంలో రాసుకున్నది. నేను ఎన్ని తెలివైన మాటలు చెప్పలేదు ఆ క్లాసులో? ఒక్కటి రాసుకుంటే ఆమె సొమ్మేం పోయింది? ఇంటికి పోయి అన్నం సరిగ్గా తినలేదు, మా అవ్వ జ్వరమేమోనని మెడ కింద చెయ్యి పెట్టి చూసింది.

ఏడో తరగతికి వచ్చాక ఒకరోజు టీచరమ్మ తన సంచిని తానుండే గదికి పట్టుకెళ్ళమని నాకిచ్చింది. దారిలో ఆ పుస్తకం తీసి చూశాను. నా పేజీలో రెండు వరుసలున్నాయి. "విమల: అన్నీ ఒప్పు." దాని కింద ఇంకో తారీఖు వేసి మళ్ళీ, "అన్నీ ఒప్పు." అంతే. గంగామణికి అప్పటికే ఏడు పేజీలు. "కుడి అరచేతిని చెరుకాకు కోసింది. ఒకటి, ఏడు ఒకేలా పడుతున్నాయి. ఇది తప్పు కాదు, నొప్పి." "తినకుండా వచ్చిన రోజు గుణకారాలు తప్పుతుంది, తిన్న రోజు తప్పదు." "ఈరోజు అడగకుండానే చెయ్యి ఎత్తింది." ఈ చివరి దాని కింద గీత కూడా గీసి ఉంది. రోజుకు పదిసార్లు చెయ్యెత్తి ఎత్తి నా భుజం నొప్పి పుట్టేది, దాని గురించి ఒక్క అక్షరం లేదు. నడి బజారులో నిలబడి ఆ పేజీలు చదువుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాన్ని మొద్దన్నందుకు బాధపడి అని మీరు అనుకునేరు, అదేం కాదు. నేను కూడా మొద్దునైతే ఎంత బాగుండేదని ఏడ్చాను.

ఆ మరుసటి రోజే నేను తప్పులు చేయడం మొదలుపెట్టాను. వచ్చిన జవాబును కొట్టేసి పక్కన ఇంకో అంకె వేశాను. టీచరమ్మ నా కాగితం చూసి ఆగింది. పెన్సిలు నాలుకకు తాకించింది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఆ తరువాత నా పెళ్ళిలో కూడా కలగలేదంటే నమ్మండి. రోజుకొకటి, తరువాత రెండు, మూడు. ఆమె నా పక్కన కూర్చొని, ఎక్కడ తికమక పడుతున్నావు విమలా అని అడిగేది. ఆ బొంగురు గొంతు నా చెవి పక్కనే వినిపిస్తుంటే, నేను తెలియని ముఖం పెట్టుకొని తల ఊపేదాన్ని.

ఇదంతా పిల్లచేష్ట అని వదిలేద్దును. కానీ ఆ ఏడాది గంగామణికి ప్రాణం మీదికి వచ్చిన ఏడాది. ఏడో తరగతి పరీక్ష పాసైతే హైస్కూలుకు పంపుతాను, లేకపోతే కొడవలి పట్టుకొని గుంపులోకి రావాల్సిందేనని మల్లయ్య చెప్పేశాడు. సీజను మొదలుకాగానే టీచరమ్మ గొడుగు పట్టుకొని చేనుకాడి గుడిసెకు పోయింది. ఎంతో బతిమాలితే మల్లయ్య వారానికి మూడు సాయంత్రాలకు ఒప్పుకున్నాడు. పొద్దు వాలేముందు ఒక గంట. గంగామణి రెండు మైళ్ళు నడిచి బడికి వచ్చి, మళ్ళీ చీకటి పడకముందే పోయి పొయ్యి వెలిగించాలి. మిగిలిందల్లా భిన్నాలు. సగానికి మూడో వంతు కలపమంటే పైవి పైకి, కిందివి కిందికి కలిపి అయిదింట రెండు అని రాసేది. దీనికి పది సాయంత్రాలు కావాలని టీచరమ్మ పుస్తకంలో రాసుకున్నది. సరిగ్గా ఆ సమయంలో నా తప్పులు కూడా పెరిగాయి గదా. నన్ను కూడా సాయంత్రం ఆగమన్నది. పదింటిలో ఆరు సాయంత్రాలు నేనే తినేశాను. నాకొచ్చిన లెక్కలనే నాకు మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాను. గంగామణి కోసుకుపోయిన చేతులు ఒళ్ళో పెట్టుకొని, ఎప్పుడు తన వంతు వస్తుందా అని కూర్చునేది. గోడ మీద ఎండ పైకి పోతుంటే దాన్నే చూసేది. ఎండ పైకప్పు అందుకోగానే లేచి, పోతున్న టీచరమ్మా అని వెళ్ళిపోయేది. నన్ను ఒక్క మాట అనలేదు.

ఆ రోజుల్లోనే మా బాపు ఒకసారి అన్నం ముందు చిర్రుబుర్రులాడాడు. ఇంకో షిఫ్టు మనిషి ఒకాయన బద్ధకించి, రసం చూడకుండానే పాత అంకెను మళ్ళీ రాసేశాడట. ఆ అంకెను నమ్ముకొని కాచిన పాకమంతా పాడైంది. పాకం పాడైతే తప్పు చెరుకుదీ కాదు, కాచినోనిదీ కాదు, అబద్ధం రాసినోనిది అన్నాడు బాపు. నేను రాస్తున్నదీ అబద్ధమే. మానేద్దామనుకున్నాను. మర్నాడు సాయంత్రం టీచరమ్మ నా పక్కకు జరిగి కూర్చోగానే ఆ అనుకున్నది ఎగిరిపోయింది.

చివరికి ఆమే కనిపెట్టింది. అదీ ఆ పుస్తకంతోనే. పరీక్షకు నెలరోజుల ముందు నన్ను ఒక్కదాన్నే ఆపి, నా తప్పులన్నీ రాసిన పేజీ ముందు పెట్టింది. సోమవారం కష్టమైన లెక్క చేసి, మంగళవారం తేలికైనది తప్పాను. ఒకరోజు ఎక్కాలు మరిచిపోయాను, మర్నాడు అవే ఎక్కాలతో భాగహారం సరిగ్గా చేశాను. వరసగా చూస్తే నాకే సిగ్గనిపించింది.

"గంగామణి తప్పు ఎప్పుడు ఒక్క దారిలనే పోతది," అన్నది ఆమె. "నీ తప్పులు దిక్కుకొకటి పోతున్నయి. అబద్ధమాడుతున్నది పుస్తకమా విమలా, నువ్వా?"

పుస్తకమే అన్నాను. చూడండి నా బుద్ధి! ఆమె కొట్టలేదు, తిట్టలేదు. ఇంటికి పొమ్మన్నది. ఆ తరువాత నన్ను సాయంత్రం ఆపలేదు. కానీ అప్పటికి మల్లయ్య గుంపు దూరంగా పోయింది, ఆ గుంపుతో గంగామణి కూడా పోయింది. తిరిగి వచ్చేసరికి పరీక్షకు మిగిలింది వారం. నాలుగు సాయంత్రాల భిన్నాలతోనే ఆమె పరీక్ష రాసింది.

ఫలితాలు వచ్చిన రోజు బడిలో మొదటి నంబరు నాదే. గంగామణి మిగతావన్నీ పాసై లెక్కల్లో నాలుగు మార్కుల తేడాతో పోయింది. బాపు పేడాలు కొని టీచరమ్మకు ఇచ్చి రమ్మన్నాడు. నేను పోయేసరికి ఆమె గది ముందు మల్లయ్య కూర్చొని ఉన్నాడు. బిడ్డను ఇక పంపనని చెప్పడానికి వచ్చాడు. గంగామణి గోడకు ఆనుకొని నేల చూస్తున్నది. టీచరమ్మకు నిజామాబాద్ బదిలీ అయింది, సామాను సగం కట్టి ఉంది. ఆ మూటల మధ్యలోంచి పుస్తకం తీసి మల్లయ్య ముందు పరిచింది. ఆయనకు చదవడం రాదు. రెండేళ్ళ కింది పేజీ చూపించింది, నిండా ఊదారంగు. ఆ తరువాతి ఏడాది పేజీ చూపించింది, సగం. మొన్నటి పేజీలో రెండే వరుసలు. ఊదారంగున్నదంతా మీ బిడ్డకు రానిది అన్నది, తెల్లగున్నదంతా వచ్చింది అన్నది. మల్లయ్య పేజీలు ముందుకూ వెనక్కూ తానే తిప్పుకొని చూశాడు. పదకొండు పేజీలు. పేరుపేరునా ఒక్కో తప్పు ఎప్పుడు పోయిందో ఆమె చెబుతుంటే విన్నాడు. మార్కుల పట్టీ ఆయనకు ఫేలు అన్న ఒక్క మాటే చెప్పింది. ఈ పుస్తకం ఇంకో సంగతి చెప్పింది.

"తప్పులు గింత తక్కువైనయి గద టీచరమ్మా," అన్నాడు చివరికి. "మరి బిడ్డ ఎందుకు ఫేలయింది?"

నా చేతిలో పేడాల పొట్లం ఉంది. చెప్పాల్సింది నేనే. నోరు తెరిస్తే చాలు. టీచరమ్మ నా వైపు చూస్తుందని ఎదురుచూశాను, ఆమె ఒక్కసారి కూడా చూడలేదు.

"టైము తప్పు పంచిన మల్లన్నా. తప్పు నాది," అన్నది. "ఒక్క ఏడాది బిడ్డను నాకియ్యి. నిజామాబాద్‌ల నా ఇంట్ల తింటది, నా పక్కన పంటది. భిన్నాలొక్కటే మిగిలినయి."

నేను నోరు తెరవలేదు. భయంతో అనుకుంటే మీరు నాకు మేలు చేసినట్టు. ఆమె ఇంట్లో తింటుంది, ఆమె పక్కన పడుకుంటుంది అన్న మాట దగ్గరే నా చెవులు ఆగిపోయాయి. మల్లయ్య ఒప్పుకొని లేచి, బిడ్డ తల మీద చెయ్యి పెట్టి, సామాను తేవడానికి ఆమెను వెంటబెట్టుకొని పోయాడు. వాళ్ళు పోయాక నా పేజీ చూడాలని అడిగాను. ఆమె తీసి ఇచ్చింది. నా దొంగ తప్పులన్నింటి మీదా ఒక పొడుగు గీత కొట్టి ఉంది. దాని కింద ఇట్లా రాసి ఉంది: "ఇవి విమల తప్పులు కావు. అన్నీ ఒప్పు చేసే పిల్లను రెండేళ్ళు నేను చూడలేదు. చూడమని అడగడం ఆమెకు రాలేదు. తప్పు నాది." ఆ తారీఖు, పుస్తకమా నువ్వా అని ఆమె నన్ను అడిగిన ఆ సాయంత్రానిదే. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఆమె పొట్లం విప్పి ఒక పేడా నా నోట్లో పెట్టింది, రెండోది తాను తిన్నది. రెండు రోజుల తరువాత బస్టాండుకు పోయాను. గంగామణి కిటికీ పక్కన కూర్చొని ఉంది, టీచరమ్మ గొడుగు ఆమె ఒళ్ళో ఉంది. మొదటి నంబరు వచ్చిన నేను కింద దుమ్ములో నిలబడి, ఫేలయి ఉంటే బాగుండేదని అనుకున్నాను. దేవుడి సాక్షిగా అనుకున్నాను.

గంగామణి మరుసటి ఏడాది పాసైంది. డెబ్బైల్లో, నేను టీచరునై ఒక బిడ్డ తల్లినయ్యాక, బిడ్డకు జ్వరమొస్తే నిజామాబాద్‌లో ఆస్పత్రికి తీసుకుపోయాను. సూది మందు ఇవ్వడానికి వచ్చిన నర్సు గంగామణి. టీచరమ్మ చనిపోయి అప్పటికి ఏడాది దాటిందని ఆమె చెబితేనే నాకు తెలిసింది. బిడ్డ నిద్రపోయాక వరండాలో కూర్చొని అంతా చెప్పేశాను. కావాలని తప్పులు చేయడం, ఆ ఆరు సాయంత్రాలు, మల్లయ్య ముందు నోరు మెదపకపోవడం. పోనియ్యి అంటుందనుకున్నాను. అనలేదు. ఒక ఏడాది పోయింది, అవును, తోటి సోపతి పిల్లలంతా ముందటి క్లాసులో ఉంటే సిగ్గయ్యేది అన్నది. నా ముఖంలోకి చూసింది.

"గని అది టీచరమ్మ ఇంట్ల ఉన్న ఏడాది," అన్నది. "దాన్ని ఎవలడిగినా ఇయ్య."

అంత పాపం చెప్పుకొని కూడా అక్కడి నుంచి అసూయతోనే లేచి వచ్చాను.

అయితే ఆ అసూయే నన్ను మంచి టీచరును చేసిందేమో, తెలియదు. ముప్పై ఏళ్ళు ప్రతి క్లాసులోనూ పిల్లకో పేజీ పెట్టాను. కొత్తగా వచ్చే టీచర్లు ఇదంతా ఎందుకమ్మా, పరీక్షలు ఉన్నాయి గదా అని నవ్వేవాళ్ళు. పరీక్ష చెప్పేది ఏడాది చివర, అప్పటికి చేయడానికి ఏమీ మిగలదని చెప్పేదాన్ని. రాసుకుంటే తప్పు ఏ నెలలో పుట్టిందో దొరుకుతుంది, పుట్టిన చోట పట్టుకుంటే పిల్ల బతుకుతుంది. హాజరు లేని రోజును లేదనే రాయమనేదాన్ని. తప్పులు చేయని పిల్లల పేజీలే ముందు తెరిచేదాన్ని. వాళ్ళను ఆ వారం ఏం అడిగాను, వాళ్ళు ఎవరి వైపు చూశారు, అసలు నేను చూశానా అని. ఒకటి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ప్రతి పిల్ల పేజీలోనూ అడుగున ఒక వరుస నా తప్పు కోసం వదిలేదాన్ని. ముప్పై ఏళ్ళలో ఆ వరుస ఖాళీగా మిగిలిన పేజీ ఒక్కటి కూడా లేదు.